గొందుల శతాబ్దము

అమెరికాలో స్థిరపడిన మా అమ్మాయి యింట ఆరు మాసములు గడపుటకై వెళ్లిన యేట, టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరమునకు ఉత్తరదిశను వెలసిన యొక క్రొత్త గృహసముదాయమందు, నాకు మొదటి భూగోళపాఠము చెప్పినది మా మనుమరాలు. ఇంటి వెనుక ఆరడుగుల చెక్కకంచె. కంచె కావల మరియొక యింటి పెరడు. ఆ యింట మా మనుమరాలి తరగతిలోనే చదువు మరియొక తెలుగు బాలిక. వారిరువురును కంచెకు ఈవల నావల నిలిచి గంటల తరబడి ముచ్చటలాడుకొందురు; పలకల సందునుండి రంగుపెన్సిళ్లు ఇచ్చిపుచ్చుకొందురు. ఒకనాటి సాయంకాలము, వారింటికి నడిచి పోవుదము రమ్మని నేను చెప్పులు తొడుగుకొనుచుండగా ఆ పిల్ల ఆశ్చర్యముతో, "తాతయ్యా, అక్కడికి నడిచి వెళ్లరు, అమ్మ కారు తీయాలి" అన్నది. ఆ మాట నమ్మక నేనొక్కడనే బయలుదేరితిని. మా వీధి వంకరలు తిరిగి మరియొక వీధిలో కలిసెను. అది ఇంకను వెడల్పైన దానిలో కలిసెను. ఆ మూడవది ఆరు వరుసల వాహనములు పరుగులెత్తు పెద్దరోడ్డుమీదికి నన్ను తెచ్చి విడిచెను. కాలిబాట తెగిపోయిన చోట గడ్డిలో నడుచుచు, ప్రక్క సముదాయపు ప్రవేశద్వారము చేరి, మరల అట్టి వంకరలే తిరిగి తిరిగి, నలుబది నిమిషములకు ఆ యింటి వాకిట నిలిచితిని. వారి పెరటిలో నుండి చూడగా మా వంటింటి కిటికీలో వెలుగుచున్న దీపము కనబడుచుండెను.

ముప్పది గజముల యెడము రెండున్నర కిలోమీటర్ల ప్రయాణమైనది. నడుమ కొండ లేదు, వాగు లేదు, రైలుకట్ట లేదు. ఆ నేల పచ్చికబయలై యున్న దినములలో, రెండు భూఖండములను వేర్వేరు వ్యాపారులు కొని, ఎవరి కాగితముమీద వారు వీధులు గీచికొనిరి. ఒకరి గీత మరియొకరి గీతను తాకలేదు. ఆ గీతలు గీచిన దినమున ఆ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పరచి చూచినవాడు ఒక్కడుండిన యెడల, ఆ బాలికలిద్దరు నేడు కాలినడకను కలిసికొనుచుందురు. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినదంతయు ఆ గీతలను గూర్చియే.

నగరమున నున్న వస్తువులన్నిటిలో మిక్కిలి దీర్ఘాయువు గలది వీధి. ఇండ్లు కూలును, అంగళ్లు మారును, రాజ్యములు పోవును. వీధి మాత్రము ఉన్నచోటనే యుండును. 1666లో మహాగ్నికి లండను నగరమధ్యము దగ్ధమై యింకను బూడిద చల్లారకమునుపే, క్రిస్టఫర్ రెన్ మొదలగువారు విశాలమైన రాజవీధులతో క్రొత్త నగరమునకు చిత్రపటములు సిద్ధపరచిరి. కాని ప్రతి యింటి స్థలమునకు నొక హక్కుదారు డుండుటచేతను, ఆ హక్కులన్నిటిని మార్చి కొలిచి పంచుటకు ధనమును, కాలమును లేకుండుటచేతను, నగరము తిరిగి యించుమించు పాత వీధుల వెంబడినే లేచినది. మన భాగ్యనగరమున 1591లో చార్మినారు కట్టిననాడు దాని నాలుగు కమానుల యెదుట నాలుగు దిక్కులకు తీర్చిన త్రోవలలో నేటికిని జనము నడచుచునే యున్నది. ఇల్లు కట్టుట యొక తరమునకు సంబంధించిన పని; వీధి వేయుట పది తరములకు సంబంధించినది. అట్టి పని ఎంత తొందరలో, ఎంత స్వల్ప విచారముతో జరిగిపోవుచున్నదో చూచినప్పుడు నాకు వగపు కలుగుచుండును.

వీధులు కలిసియున్నవా లేవా యనునది కంటికి తోచు విషయమే యైనను, శాస్త్రమునకు కొలత కావలెను. ఆ కొలతకు మూలము 1736 నాటిది. ప్రష్యా దేశమందలి కోనిగ్స్‌బర్గు పట్టణమున నదిమీద నుండిన ఏడు వంతెనలను, ఒక్కొక్కదానిని ఒక్కసారి మాత్రమే దాటుచు ఊరంతయు తిరిగి రాగలమా యను ప్రశ్నను తీసికొని, ఆయిలరు అను గణితవేత్త, నేల యొక్క ఆకారమును దూరములను పూర్తిగా విడిచిపెట్టి, భూభాగములను బిందువులుగను వంతెనలను రేఖలుగను భావించి, అది అసాధ్యమని నిరూపించెను. నేడు నగరశాస్త్రజ్ఞులు చేయునదియు నదియే: కూడలి యొక బిందువు, వీధి యొక రేఖ. ఒక బిందువు నుండి ఎన్ని రేఖలు బయలుదేరునో అది దాని శాఖాసంఖ్య. చౌరస్తాకు నాలుగు. ఒక వీధి వచ్చి మరియొక వీధి నడ్డమున ఢీకొని ఆగుచోట మూడు. మనవారు వీధిపోటు, వీధిశూల యని భయపడు ఇంటిస్థలములు ఇట్టి చోటనే యేర్పడును. ముందునకు దారిలేక మూసికొనిపోయిన సందు చివరకు ఒకటి. ఇట్టి మూసిన సందును ఇకమీదట గొంది యని వ్యవహరింతును. పాత ఊళ్లలో సందుగొందులని జంటగా పలుకునప్పుడు మన చెవికి తోచు ఇరుకుతనము దీనికి లేకపోయినను, దారి ముగియుట మాత్రము సమానమే.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక నిడుపాటి వీధి యున్నది. దాని రెండు చివరలును పెద్దరోడ్లను చేరుచున్నవి. దానికి ఒకే ప్రక్కన పది గొందులు, ఒక్కొక్కటి నూట యేబది మీటర్ల పొడవు, గొందికి గొందికి నడుమ అరువది మీటర్ల యెడము. గొందులు వీధిని కలియు చోట్లు పది, వాని శాఖాసంఖ్య మూడేసి. గొందుల చివరలు పది, వానికి ఒకటేసి. మొత్తము నలుబది, ఇరువది బిందువులకు పంచగా సగటు రెండు. ఇప్పుడు ఆ పది చివరలను కలుపుచు వెనుక నొక్క వీధిని వేయుడు. నడిమి యెనిమిది చివరలకు మూడేసి, కొనల నున్న రెండింటికి రెండేసి శాఖలు వచ్చును; సగటు 2.9 అగును. వేసినది ఒక్క వీధి. కాని గొంది చివర నున్న యింటివాడు ప్రక్క గొంది చివరి యింటికి పోవుటకు పూర్వము నూట యేబది, అరువది, మరల నూట యేబది వెరసి మూడువందల అరువది మీటర్లు నడువవలసియుండగా, ఇప్పుడు అరువది మీటర్లు చాలును. ఆరవ వంతు! నడకదూరము సూటిదూరమునకు ఎన్ని రెట్లున్నదో చెప్పు ఈ నిష్పత్తి మరియొక కొలత. గొందులు ఎంత శాతము, పోయినదారినే తిరిగి రావలసిన వీధుల పొడవు ఎంత అను నిట్టి కొలతలను కూడ కలిపి, పరిశోధకులు వీధుల విచ్ఛిన్నతకు ఒక సూచికను కట్టిరి.

వలవలె అల్లుకొన్న వీధులకును చెట్టువలె కొమ్మలు చాచిన వీధులకును గల భేదమును చీమ యెరుగును. వలమీది చీమకు ఒక దారము తెగినచో వేరొక దారము కలదు. చెట్టుమీది చీమ ఈ కొమ్మ చివరినుండి ఆ కొమ్మ చివరికి పోవలెనన్నచో, ఆ రెండును గాలికి ఒరసికొనుచున్నను, మ్రాను వరకు దిగి మరల ఎక్కవలసినదే. చెట్టువంటి ఊరిలో ప్రతివాని ప్రతి ప్రయాణమును మ్రానివంటి పెద్దరోడ్డు మీదికి రాక తప్పదు. పాలపొట్లమునకు పోవువాడును, పరదేశమునకు పోవువాడును ఒకే రోడ్డున చేరుదురు. రోడ్డు చాలదు, వెడల్పు చేయుదురు. వెడల్పైన రోడ్డును నడిచి దాటుట ప్రమాదమగును. దాటలేనివాడు బండి కొనును. బండ్లు పెరిగి రోడ్డు మరల చాలదు. బస్సు నడుపువానికిని ఇదియే కష్టము: గొందులలోనికి బస్సు పోలేదు, పెద్దరోడ్డున ఆగినచో ఇండ్లవారు అంతదూరము నడిచి రాలేరు. నడక పోయినచోట ముందుగా నష్టపడువారు కారు నడుపలేనివారు, అనగా పిల్లలును, వృద్ధులును, ఇండ్లలో పనిచేయ వచ్చు స్త్రీలును.

అమెరికా మొదటి నుండియు ఇట్టి దేశము కాదు. 1682లో విలియం పెన్ను ఫిలడెల్ఫియా నగరమునకు గీయించిన పటము చదరంగపు పలకవంటిది. 1811లో న్యూయార్కు నగరపు మన్‌హాటన్ ద్వీపమునకు నియమితులైన కమిషనర్లు, జనము పలుచగా నున్న కొండలమీదను పొలములమీదను 12 పెద్దవీధులను, 155 అడ్డవీధులను కాగితమున గీచియుంచిరి. ఆ గళ్లు చూచుటకు విసుగు కలిగించునని నాడే కొందరు నిందించిరి. అది పూర్తిగా అసత్యమును కాదు. అయినను ఆ పటమున ఒక గుణము కలదు: ఎవడు ఎప్పుడు ఏ ముక్క కొన్నను, వాని వీధి పొరుగువాని వీధితో కలిసియే పుట్టును. కలియుటకు ఎవరి యనుమతియు, ఎవరి సౌజన్యమును అక్కరలేదు.

గొంది పుట్టుట మాత్రము దురాలోచనతో కాదు. యంత్రశాలల పొగలో గిడసబారిన ఆంగ్ల నగరములను చూచి మనస్సు కలగిన రేమండ్ అన్విను వంటి శిల్పులు, చెట్లనడుమ చిన్నయిండ్లు, బండ్ల రొద లేని మూలలు ఉండవలెనని కోరి, లండనుకు ఉత్తరమున హాంప్‌స్టెడ్ ఉద్యానవాటికను నిర్మించునప్పుడు, నాటి నిబంధనలు అడ్డువచ్చుటచే 1906లో పార్లమెంటుచే ప్రత్యేక శాసనమునే చేయించుకొనిరి. అటుపిమ్మట, మోటారుకార్ల క్రింద పిల్లలు పడి చచ్చుచున్న దినములలో, 1929లో, న్యూయార్కుకు సమీపమున న్యూజెర్సీ రాష్ట్రమున రాడ్‌బర్ను అను ఊరు వెలసెను. క్లారెన్సు స్టైను, హెన్రీ రైటు అను వారు దానిని తీర్చిన విధము నెమ్మదిగా చూడదగినది. ఇండ్లు గొందుల చుట్టు గుమిగూడియుండును. కారు గొందిలోనికి వచ్చి వంటింటి వైపు ఆగును. ఇంటి రెండవ ముఖము పచ్చికలోనికి తెరచుకొనును. ఆ పచ్చికలో కాలిబాటలు ఒకదాని నొకటి కలిసికొనుచు పోవును. పెద్దరోడ్డు అడ్డమైన చోట బాట దాని క్రిందుగా దూరి ఆవల తేలును. ఇంటి నుండి బడికి బయలుదేరిన పిల్ల ఒక్క రోడ్డైనను దాటకుండ చేరుకొనునట్లు ఏర్పాటు. అనగా రాడ్‌బర్నులో కారునకు మాత్రమే అది చెట్టు. పాదమునకు అది వల. ఆ ఊరు పూర్తి కాకమునుపే ఆర్థికమాంద్యము వచ్చిపడి నిర్మాణమును ఆపివేసెను. తరువాత దానిని అనుకరించినవారు వేలకొలది. వారు గొందిని తీసికొనిరి, కాలిబాటను విడిచిపెట్టిరి. బాటకు నేల పోవును, నేల పోయినచో ప్లాట్లు తగ్గును. నేను టెక్సాసులో నడిచినది సగము మాత్రము చదివి మిగత సగము చించివేసిన ఆ గ్రంథములోనే యని తరువాత తెలిసికొంటిని.

చించుటకు ప్రభుత్వపు చేయియు తోడైనది. 1934లో స్థాపితమైన సమాఖ్య గృహపాలక సంస్థ, ఇల్లు కొనువారికి బ్యాంకులిచ్చు ఋణములకు హామీ నిలుచుచు, ఎట్టి వీధులలోని యిండ్లకు హామీ లభించునో తెలుపుచు చిన్నపుస్తకములను అచ్చువేసెను. 1936 నాటి పుస్తకము గళ్లవీధులను నిరుత్సాహపరచి వంకరవీధులను, గొందులను మెచ్చుకొన్నది. పేరునకు అది సలహా. కాని హామీ లేనిదే బ్యాంకు అప్పీయదు, అప్పు లేనిదే ఇల్లు అమ్ముడుపోదు. కనుక దేశమంతట లేఅవుటులు ఆ చిన్నపుస్తకము చెప్పినట్లు నడిచినవి. యుద్ధానంతరము 1947లో మొదలైన లెవిట్‌టౌను మొదలుకొని ఊళ్లకు ఊళ్లు ఒకే అచ్చున పోయబడినవి. 1956 నుండి అంతర్రాష్ట్ర రహదారులు వానిని ఇంకను దూరము నెట్టినవి. 1961లో జేన్ జేకబ్స్ అను విదుషి, పెద్ద అమెరికా నగరముల జీవన్మరణములను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమున, పొట్టివీధులును తరచైన మలుపులును లేనిదే నగరమునకు ప్రాణము లేదని ఒక అధ్యాయమంతయు వాదించెను. నాడు నిర్మాతలు వినలేదు.

ఈ కథ నంతటిని అంకెలలో చూపవలెనన్నచో ఏ వీధి ఏ యేట పుట్టినదో తెలియవలెను. పటమున వీధి యుండును గాని దాని పుట్టినతేది యుండదు. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లర్డ్-బాల్ అను నిరువురు పరిశోధకులు దీనికి పన్నిన ఉపాయము ముచ్చటైనది. పన్ను వసూలుకై స్థానికాధికారులు ప్రతి యింటికిని కట్టిన సంవత్సరమును వ్రాసియుంతురు. వీధి ప్రక్కని యిండ్ల వయస్సే వీధి వయస్సని గ్రహించి, ఇట్టి దస్త్రముల సాయమున వారు 1920 నుండి 2012 వరకు అమెరికా వీధుల జాతకమును కట్టి 2015లో ప్రకటించిరి. అందు రెండు సంగతులు నన్ను ఆకర్షించినవి. ఊరు చెదరి పెరుగుట కారు ఇంటింటికి రాకమునుపే మొదలైనదట. కనుక దోషమంతయు కారుమీద నెట్టుట న్యాయము కాదు. రెండవది, ఆ చెదరుట నిర్విరామముగ పెరిగి పెరిగి 1994 ప్రాంతమున శిఖరము నందుకొని, అటుతరువాత దిగివచ్చుట మొదలిడినది. సగటు శాఖాసంఖ్యను బట్టి చూచినచో 1994 నుండి 2012 లోపల ఆ చెదరుట సుమారు 9 శాతము తగ్గినది. క్రొత్తవీధులు మరల ఒకదాని నొకటి వెదకికొనుచున్నవి.

ఎందుచేత? 1981లో ఫ్లోరిడా తీరమున సీసైడ్ అను చిన్నయూరు పాతకాలపు కలిసిన వీధులతో మొదలగుట, 1993లో అట్టి ఊళ్లనే కోరు నవనగరవాదులు ఒక మహాసభగా ఏర్పడుట, కొన్ని పట్టణములు వీధులు కలిసితీరవలెనని నియమములు చేయుట, ఇవి యన్నియు ఆ కాలముననే జరిగినవి. అట్టి నియమములున్న చోట్లనే మార్పు ఎక్కువగా కనబడినదని ఆ పరిశోధకులు చూపిరి. అయినను నియమమే కారణమని వారు గట్టిగా అనరు, సూచన యని మాత్రమే అందురు. ఆ సంయమము నాకు నచ్చినది. ఇచట పాఠకుడు పొరపడకుండ ఒక్కమాట చెప్పవలెను. ఈ తగ్గుట క్రొత్తగా వేయు వీధులలోనిది. 1994కు ముందు వేసిన గొందులు వేసినచోటనే యున్నవి. వానిని కలుపవలెనన్నచో ఎవరి పెరటిలో నుండియో దారి తీయవలెను. గొందిలోని ప్రశాంతతకే ఎక్కువ వెల యిచ్చి కొనుక్కొన్నవారు అందుకు ఒడంబడరు. పిల్లలు ఆడుకొను ఆ నిశ్శబ్దమునకు నిజమైన విలువ కలదు గనుక వారిని నిందించుటకును మనసు రాదు. కలియని వీధులతో పుట్టిన చోటు, తాను విస్తరించుచున్నను, కలియని వీధులనే కనుచుండునని కూడ ఆ పరిశోధన తెలిపినది.

ఆ యిరువురే 2020లో ప్రపంచమంతటి వీధులను, స్వచ్ఛంద సేవకులు గీచిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుండియు, నగరముల పెరుగుదలను చూపు ఉపగ్రహచిత్రముల నుండియు లెక్కించిరి. ఫలితము దిగులు పుట్టించునది. అత్యధిక జనసంఖ్యగల 134 దేశములలో 90 శాతమున, 1975 నుండి క్రొత్తవీధుల కలయిక క్షీణించినది. 2000 తరువాత బాగుపడుచున్నవి 29 శాతము మాత్రమే. ప్రహరీగోడ కట్టుకొన్న గేటెడ్ కమ్యూనిటీలకు స్వభావమైన, చుట్టుతిరుగుడు మిక్కుటమైన వీధిరూపము ఇంచుమించు రెండింతలైనది. జపాను, దక్షిణ కొరియా, లాటిన్ అమెరికాలో పెక్కు భాగము మాత్రము ఇప్పటికిని వలలనే అల్లుచున్నవి. సంపద పెరిగినచో వీధులు విడిపోవుట విధి కాదనుటకు జపాను చాలును.

మన దేశమున గొంది వచ్చిన త్రోవ వేరు. ఇచట చిన్నపుస్తకము కంటె సర్వేనంబరు బలమైనది. రైతు పొలము ఏ ఆకారమున నున్నదో వెంచరును ఆ ఆకారముననే పుట్టును. నాలుగెకరములొకరివి, ప్రక్క ఆరెకరములు వేరొకరివి. ప్రతి వెంచరును తన ముఖమును మెయిన్‌రోడ్డు వైపు త్రిప్పుకొని, పొరుగు వెంచరుకు వీపు చూపును. పూర్వము పొలములనడుమ ఎడ్లబండ్లు పోవు డొంకదారి, గోదావరి మండలములవారి పుంత, ఎవరి సొత్తును కాక అందరి సొత్తై యుండుటచే, అదృష్టవశమున మిగిలినచోట అదియే రెండు కాలనీలను కలుపు వీధియైనది. మింగుడుపడిన చోట గోడ మిగిలినది. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మహోన్నతముగా తిరుగుచుండగా, దాని లోపల కాలనీకి కాలనీకి నడుమ తెగిన చోట్లను వెదకి, మిస్సింగ్ లింకు రోడ్లని పేరిడి, ఇండ్లు లేచిన తరువాత భూసేకరణచేసి ప్రభుత్వము కలుపవలసి వచ్చుచున్నది. కట్టకమునుపు ఒక గీతతో పోవు పని అది.

మొన్న మాఘమాసమున మా స్వగ్రామమునకు పోయినప్పుడు, ఊరి పొలిమేరలో జొన్నచేను ఉండినచోట వెంచరు వేయుచుండగా చూచితిని. హద్దురాళ్లకు ఎఱ్ఱరంగు పూసి పాతిరి. టేపు పట్టి కొలిచి, ముప్పదిమూడడుగుల వీధులకు సున్నపుముగ్గు పోయుచున్నారు. తూర్పుకు పోవు మూడవ వీధి చేను గట్టుకు కొంచెము ఈవలనే ఆగెను. గట్టు కావల మరియొకరి మినపచేను, దాని కావల బడి. బడి పిల్లల కేకలు వినబడుచున్నవి. ఈ వీధిని గట్టుదాక విడిచిపెట్టరాదా యని నేను అక్కడ పని చేయించుచున్న మేస్త్రీ నడిగితిని.

"అటుపక్క వేరేవాళ్లదండి. వాళ్లు ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో ఎవరికి తెలుసు బాబుగారూ. అందుకని వీధి చివర అడ్డంగా ఒక ప్లాటు తీశామండి."

"ఎదురుగా వీధి వచ్చి పొడుచుకొనే ప్లాటును ఎవరు కొంటారయ్యా?"

"వీధిపోటని ఎవరూ ముందుకు రాలేదండి. గజానికి కొంత తగ్గించాం, నిన్ననే అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు."

అతడు మరల పనిలో పడెను. ఆ ప్లాటు నాలుగు మూలలను చుట్టి పోసిన ముగ్గును మినపచేను మీదుగా వచ్చు గాలి కొంచెము కొంచెముగా చెదరగొట్టుచుండగా, ఒక కుర్రవాడు తట్టతో వెనుకనే నడుచుచు దానిని మరల సరిచేయుచుండెను.